జావా సులుక్ పద్యాల్లో చావు–బతుకు: "బతికుండగానే చావు" ఏ పద్యంలో ఏ అర్థం?

#1 అలలఅంచు
జావా భాషలోని సూఫీ పద్యాల (సులుక్‌ల) మీద రెండు సందేహాలు. సీతి జెనార్ అనే సూఫీ గురువు పేరున ఉన్న పద్యాల్లో "ఇప్పుడున్నదే చావు, అసలు బతుకు దీని తర్వాత" అంటాడు. దేవ రుచి అనే కావ్యంలో భీముడికి బతికుండగానే చావమని బోధ. రంగ్గవర్శిత అనే జావా కవి దగ్గరికొస్తే ప్రాణం పోయే వేళ ఏ రంగు వెలుగు కనిపిస్తుందో వివరాలు. మూడూ ఒకే సిద్ధాంతమా? రెండోది: మచపత్ అనే జావా ఛందస్సులు పదకొండూ పిండం నుంచి పాడె దాకా మనిషి జీవితమే అని ఒక పట్టిక గ్రూపుల్లో తిరుగుతోంది. అది పాత మాటేనా?

#2 తాటాకు
మూడూ ఒకటి కాదండీ. "చావకముందే చావండి" అని సూఫీలు ప్రవక్త మాటగా చెప్పుకునే వాక్యం మూడింటికీ వెనక ఉంది. జావాలో దాన్నే "మతి సజ్రోనింగ్ ఉరిప్" అంటారు. కానీ ఆ మాటతో ఒక్కొక్కరు ఒక్కో పని చేశారు.

దేవ రుచిలో అది సాధన. ఇప్పుడు ఎక్కువగా చదివే మచపత్ పాఠం సురకర్త ఆస్థానకవి మొదటి యశదిపుర (1729–1803) పేరు మీద ఉంది. కథ వరుస ముఖ్యం, ఎందుకంటే బోధంతా ఆ వరుసలోనే ఉంది. దుర్ణ (మన ద్రోణుడే) భీముణ్ణి తీర్థం తెమ్మని పంపిస్తాడు, అతను తిరిగి రాకూడదన్నదే లోపలి ఉద్దేశం. ముందు చంద్రముఖ పర్వతం. అక్కడ రుక్ముఖ, రుక్మకళ అనే రాక్షసులిద్దరూ భీముడి చేతిలో చచ్చి ఇంద్రుడు, వాయువుగా బయటపడతారు. తీర్థం మాత్రం దొరకదు. రెండోసారి సముద్రం. పామును చంపి నడిసముద్రానికి చేరితే, అచ్చం తనలాగే ఉన్న బొటనవేలంత దేవ రుచి ఎదురై "నా ఎడమ చెవిలోంచి లోపలికి రా" అంటాడు. ఇంత ఒళ్ళు అందులో ఎలా పడుతుందని భీముడు అడిగితే, నువ్వు పెద్దవాడివా లోకం పెద్దదా, అడవులూ కొండలతో సహా లోకమంతా పట్టిందిక్కడ అని జవాబు.

లోపల మొదట దిక్కులే ఉండవు. తర్వాత నాలుగు రంగులు: నలుపు, ఎరుపు, పసుపు అడ్డుపడేవి, తెలుపొక్కటే శాంతం. ఆ తర్వాత ఒకే జ్వాలకు ఎనిమిది రంగులు. ఆ తర్వాత తేనెటీగంత దంతపు బొమ్మ లాంటిది, దాని పేరు ప్రమాణ. అది ఒంట్లోనే ఉంటుంది గానీ తినదు, నిద్రపోదు, ఒంటి సుఖదుఃఖాల్లో పాలుపంచుకోదు. అది పోతే ఒళ్ళు కూలుతుంది. దానికి బతుకు ఇంకా పైనున్న సుక్ష్మ నుంచి వస్తుంది.

ఇంతా చూశాక భీముడు ఇక ఇక్కడే ఉండిపోతానంటాడు. చావు రాకుండా ఇక్కడ ఉండటం కుదరదు, వెనక్కి వెళ్ళు అంటాడు దేవ రుచి. చాలామంది సారాంశాలు ఈ ఘట్టాన్ని ఎగరగొడతాయి. "బతికుండగా చావు" అంటే తిరిగొచ్చి పని చేయడం కూడా అని తేలేది ఇక్కడే.

సీతి జెనార్ దగ్గర ఇది సాధన కాదు, లోకం మీద తీర్పు. ఒళ్ళు శవం, అయిదు ఇంద్రియాలు శవం మోసే బరువు, ఆకలిదప్పులున్న ఈ స్థితే చావు. కాబట్టి శవానికి నమాజు విధి ఏమిటంటాడు. తిరిగి రావడమన్న ఊసే లేదు. ఆయన శిష్యులు అసలు బతుకు కోసం చావును వెతుక్కుంటూ పోతారు. దేవ రుచి దగ్గర భీముణ్ణి వెనక్కి పంపిన మాటకు ఇది పూర్తి ఎదురు.

మూడోది, ప్రాణం పోయే క్షణాన్ని దాటే విద్య. దాని సంగతి వేరుగా రాయాలి.

#3 కొండవాగు
తాటాకు గారు చెప్పిన రంగుల దగ్గర ఒక జాగ్రత్త. ఇప్పటి పుస్తకాల్లో నలుపు లువామా (తిండి యావ), ఎరుపు అమారా (కోపం), పసుపు సుపియా (కోరిక), తెలుపు ముత్మయినా (ప్రశాంతం) అని నాలుగు నఫ్సుల (మనసు గుణాల) పట్టిక ఉంటుంది. దాన్ని తెచ్చి దేవ రుచి మీద అతికిస్తారు. పద్యంలో అలా లేదు. అక్కడ కోపం నలుపుకి ఇచ్చారు, కోరికలన్నీ ఎరుపులోంచి వస్తాయి, పసుపు మంచి ఆలోచన దేన్నీ సాగనివ్వదు. పట్టిక చేత్తో పట్టుకుని చదివితే మూడు రంగులకు మూడూ తప్పుతాయి. ఏ పాఠం చదువుతున్నామో ఆ పాఠం ఇచ్చిన అర్థంతోనే ముందు చదవాలి, సర్దుబాట్లు తర్వాత.

#4 ఛందోభ్రమ
ఛందస్సుల పట్టిక గురించి. మస్‌కుమంబంగ్ గర్భం, మిజిల్ పుట్టుక, సినోమ్ యౌవనం, కినంతి చెయ్యి పట్టి నడిపించడం, అస్మరదన ప్రేమ, గంబుహ్ పెళ్ళి పొత్తు, దండంగ్గుల తీపి రోజులు, దుర్మ, పంగ్కుర్ లోకం నుంచి తప్పుకోవడం, మెగత్రుహ్ ప్రాణం విడిపోవడం, పోచుంగ్ కఫన్ (శవవస్త్రం) ముడి. వినడానికి ముచ్చటగా ఉంది. పేర్ల పోలిక మీద తర్వాత కట్టిన మాట తప్ప కవులు పాటించిన నియమం కాదు.

సాక్ష్యం కావాలంటే నాలుగో మంగ్కునెగర (1811–1881) వేదతమ కావ్యం చూడండి. వాడుకలో ఉన్న ప్రతుల్లో 100 పద్యాలు: పంగ్కుర్ 14, సినోమ్ 18, పోచుంగ్ 15, గంబుహ్ 35, కినంతి 18. పట్టిక ప్రకారమైతే మనిషి ముందు వైరాగ్యం పొంది, తర్వాత కుర్రాడై, కఫన్‌లోకెళ్ళి, లేచి పెళ్ళి చేసుకుని, చివర్లో తప్పటడుగులు వేయాలి!

పోచుంగ్‌కి మరో సంగతి. అది వంటలో నల్లటి రసానికి వాడే క్లువక్ కాయకున్న పేరు కూడా. ఈ ఛందస్సులో పొడుపుకథలు ఎక్కువ, "బాపక్ పోచుంగ్" అని మొదలవుతాయి. చావు గాంభీర్యం దాని సహజ స్వభావం కాదు. ఇక పదకొండు అన్న లెక్క కూడా గట్టిది కాదు. జురుదెముంగ్, విరంగ్‌రొంగ్, బలబక్, గిరిస లాంటివి పట్టికలో చేరవు. మెగత్రుహ్‌కే దుదుక్‌వులుహ్ అని ఇంకో పేరుంది, ఆ పేరు పెడితే "ప్రాణం విడిపోవడం" అన్న వ్యుత్పత్తి ఎక్కడికి పోతుంది?

అయితే మెగత్రుహ్ వరస విషాదానికి, పశ్చాత్తాపానికి వాడటం నిజమే. పట్టిక తప్పు, ఆ ఒక్క గడి మాత్రం ఒప్పు.

#5 అలలఅంచు
ధన్యవాదాలండీ. పద్యం చూసి ఛందస్సు ఎలా పట్టాలో కూడా చెప్తారా? గురులఘువులు ఉంటాయా?

#6 ఛందోభ్రమ
ఉండవు. పాత జావా కకవిన్ కావ్యాల్లో ఉండేవి, అవి సంస్కృత వృత్తాలే, మనం పోతన దగ్గర చూసే శార్దూలం అక్కడా ఉంది. మచపత్‌లో మూడే చూస్తారు: పద్యానికి ఎన్ని పాదాలు (గురు గత్ర), పాదానికి ఎన్ని అక్షరాలు (గురు విలంగన్), పాదం చివరి అచ్చు ఏది (గురు లగు). యతిప్రాసలు విధి కాదు. చివర హల్లున్నా లెక్కలోకి వచ్చేది దాని ముందున్న అచ్చే.

మెగత్రుహ్ అంటే 12ఉ, 8ఇ, 8ఉ, 8ఇ, 8ఒ. రంగ్గవర్శిత శబ్ద జతి కావ్యం చివరి భాగంలో ప్రసిద్ధమైన పద్యం ఇది:

అముంగ్ కురంగ్ వొలుంగ్ అరి కంగ్ కదులు
తమతింగ్ పతి పతితిస్
వుస్ కతొన్ నెంగ్ లొహిల్ మక్పుల్
అంగుంపుల్ ఇంగ్ మద్య అరి
అమెరెంగి శ్రీ బుద పొన్

మొదటి పాదం విడగొడితే: అ-ముంగ్, కు-రంగ్, వొ-లుంగ్, అ-రి, కంగ్, క-దు-లు. పన్నెండు, చివర ఉ. ముంగ్, ంగుంపుల్, మెరెంగి అంటే సరిపోయే చోట ముందు "అ" చేర్చడం చూశారా? అది లెక్క కోసమే. ఆ "అ"కి అర్థం వెతికితే దారి తప్పుతాం. అక్షరాలు ఎక్కువైతే రెండు మాటలను సంధి చేసి కుదిస్తారు (గర్బ), ఉన్న మాటలోంచే ఒక అక్షరం మింగేస్తారు (ప్లుతన్), చివరి అచ్చు కోసం మాటల వరుస తిప్పేస్తారు (బలిస్వర). అనువాదాల్లో పొరపాట్లు ఎక్కువగా వచ్చేది ఈ మూడోదాని దగ్గరే. తిప్పిన వరుసను మామూలు వాక్యంగా చదివి కర్తను కర్మ చేస్తారు. దేవుడూ దాసుడూ ఒకటవడం గురించి చెప్పే పద్యంలో ఆ పొరపాటు జరిగితే సిద్ధాంతమే తలకిందులవుతుంది.

ఇంకో ఆధారం, సస్మిత. అధ్యాయం మొదట్లోనో చివర్లోనో ఛందస్సు పేరును ధ్వనింపజేస్తారు. వేదతమ మొదటి పాదంలో "మింగ్కర్ మింగ్కురింగ్" అనగానే పంగ్కుర్ అని తెలిసిపోతుంది.

#7 నల్లసిరా
ఆ పద్యం భావం: ఇక ఎనిమిది రోజులే కనిపిస్తున్నాయి, గురి తప్పని చావుతో అంతా ముగుస్తుంది, లౌహె మహ్‌ఫూజ్ మీద రాసి ఉండగా చూశాను, మధ్యాహ్నం వేళ, బుధవారం పొన్ నాడు. లౌహె మహ్‌ఫూజ్ అంటే ఖురాన్ చెప్పే విధి ఫలకం, జావా నోట "లొహిల్ మక్పుల్" అయింది. రంగ్గవర్శిత పోయింది 1873 డిసెంబరు 24న.

పొన్ అనేది జావా అయిదు రోజుల సంత వారంలో మూడోది: లెగి, పహింగ్, పొన్, వగె, క్లివొన్. తేదీ నిజమో కాదో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇండొనేసియా స్వాతంత్ర్యం ప్రకటించిన 1945 ఆగస్టు 17 శుక్రవారం లెగి, ఇది అందరికీ తెలిసిన ఆధారం. 1873 డిసెంబరు 24 నుంచి అక్కడికి 26,168 రోజులు. ఏడుతో భాగిస్తే శేషం 2, శుక్రవారం నుంచి రెండు వెనక్కి వస్తే బుధవారం. అయిదుతో భాగిస్తే శేషం 3, లెగి నుంచి మూడు వెనక్కి వస్తే పొన్. సరిపోయింది.

దీంతో కవి తన చావు ముందే చూశాడని రుజువైందనేవాళ్ళున్నారు. కాలేదు. రుజువైంది పద్యంలోని వారం ఆయన పోయిన రోజుకు సరిపోతుందని మాత్రమే. ఆ ఒక్క పద్యం తర్వాత ఎవరైనా చేర్చినా లెక్క ఇలాగే కుదురుతుంది. నా దృష్టిలో పద్యం గొప్పతనం జోస్యంలో లేదు. చావును "పతితిస్" అనడంలో ఉంది. బాణం గుచ్చుకున్నట్టు, అనుకున్నచోటికే వెళ్ళే చావు కావాలన్నది ఈ కవి కోరిక.

సంవత్సరాల దగ్గర ఇంకో గోతి ఉంది. జావాలో శాలివాహన శకమే నడిచేది, 78 కలిపితే సరిపోయేది. 1633లో సుల్తాన్ అగుంగ్ శక సంఖ్య 1555ని అలాగే ఉంచి, కింద చాంద్రమాన ఇస్లామీ సంవత్సరాన్ని పెట్టాడు. ఏడాదికి సుమారు 11 రోజులు తగ్గుతుంది కాబట్టి తేడా కరుగుతూ వస్తుంది. రంగ్గవర్శిత పోయిన ఏడు జావా లెక్కలో 1802, అంటే తేడా 71కి దిగింది. 78 కలిపేస్తే ఆయన్ని 1880 దాకా బతికించినట్టవుతుంది! సంఖ్యను మాటల్లో చెప్పే సెంగ్కలన్ మాత్రం మన భూతసంఖ్యల్లాగే ఒకట్ల స్థానం నుంచి చదవాలి. "సిర్న ఇలంగ్ కెర్తనింగ్ బుమి" అంటే 0, 0, 4, 1. తిప్పితే శక 1400, మజాపహిత్ రాజ్య పతనానికి సంప్రదాయం చెప్పే ఏడు.

#8 గోదారిగాలి
అందరూ పెద్ద పెద్ద లెక్కలు చెప్తున్నారు గానీ, ఇదంతా చివరికి అద్వైతమే కదా? అహం బ్రహ్మాస్మి, జీవన్ముక్తి. పైన ముస్లిం పేర్లు పెట్టారంతే.

#9 తాటాకు
అంత తేలిగ్గా తేల్చలేమండీ. దేవ రుచికి ముందు నవరుచి అనే పాత వచన పాఠం ఉంది, అందులో హిందూ-బౌద్ధ నేపథ్యం స్పష్టం. అంతవరకు మీ మాటలో బలముంది. కానీ సులుక్‌ల అసలు చట్రం "మర్తబత్ తుజుహ్", ఏడు మెట్లు. దాని మూలం మన దేశంలోనే పుట్టింది గానీ వేదాంతుల దగ్గర కాదు. తపతీ ఒడ్డున బుర్హాన్‌పూర్‌లో ముహమ్మద్ ఇబ్న్ ఫజ్లుల్లా 1590లో అరబీలో రాసిన చిన్న గ్రంథం, తుహ్‌ఫా. ఆయన 1620లో పోయాడు. సూఫీ తత్త్వవేత్త ఇబ్న్ అరబీ బోధను ఏడు మెట్లుగా కుదించిన ఆ పుస్తకం సుమత్రాలోని అచె మీదుగా, షత్తారీ తరీకా (సూఫీ శాఖ) గురువుల ద్వారా జావా చేరి పద్యమైంది.

మొదటి మూడు మెట్లు అహదియత్, వహ్దత్, వాహిదియత్. ఇవి అనాది, సృష్టి కావు. తర్వాతి నాలుగు ఆత్మల లోకం, ప్రతిరూపాల లోకం, శరీరాల లోకం, సంపూర్ణ మానవుడు. ఇవి సృష్టి. దిగడం తనజ్జుల్, ఎక్కడం తరక్కీ. సులుక్ దృష్టిలో పుట్టుక దిగుడు, చావు ఎక్కుడు, సాధకుడు ఆ ఎక్కుడును బతికుండగానే మొదలుపెడతాడు. మూడుకీ నాలుగుకీ మధ్య గీత చెరిపేయకూడదని బుర్హాన్‌పూరీ గట్టిగా చెప్పాడు. దాసుడు ఎంత ఎక్కినా దాసుడే, ప్రభువు ఎంత దిగినా ప్రభువే. శంకరులైతే ఆ గీతను అవిద్య అంటారు. జావాలో గొడవలన్నీ ఈ గీత మీదే.

#10 కొండవాగు
ఆ గొడవల జాబితా చబోలెక్ అనే పద్యకావ్యంలో ఉంది. కర్తసుర ఆస్థానంలో హాజీ అహ్మద్ ముతమకిన్ మీద విచారణ కథ అది. ఆయన తన కుక్కలకు అబ్దుల్‌కహర్, కమరుద్దీన్ అని పేర్లు పెట్టాడని కూడా నేరం. కుదుస్ నుంచి వచ్చిన కెతిబ్ అనోమ్ పాత ఉదాహరణలు ఏకరువు పెడతాడు: సీతి జెనార్, దెమక్‌లో మంటల్లోకి దిగిన సునన్ పంగ్గుంగ్, పజంగ్‌లో నీట ముంచిన కి బెబెలుక్, మతరమ్‌లో సముద్రం పాలైన అమోంగ్‌రగ. రాజ్యానికి ఒకడు! ముతమకిన్‌ని మాత్రం రాజు క్షమిస్తాడు.

గమనించాల్సింది ఏమిటంటే, వీళ్ళు చెప్పింది అబద్ధమని ఎవరూ అనరు. సీతి జెనార్ సభలో మిగతా వలీలు (సూఫీ సిద్ధులు) సారాన్ని ఒప్పుకుంటారు, రహస్యాన్ని సంతలో పెట్టాడన్నదే నేరం. సునన్ పంగ్గుంగ్ మంటల్లో కూర్చుని రాశాడనే మలంగ్ సుమిరంగ్ సులుక్‌ను చావుకు భయపడని వాడి పద్యంగా భద్రంగా దాచుకున్నారు, ఆయన్ని మంటల్లోకి పంపిన సంప్రదాయమే దాచుకుంది.

చబోలెక్‌లో వింత మలుపు ఇంకోటి. ముతమకిన్ తన బోధ దేవ రుచితో సమానమంటాడు. కెతిబ్ అనోమ్ దేవ రుచిని తప్పనడు, అది నీకు చదవడం రాదంటాడు! సభలో తనే చదివి అర్థం చెప్పి పరువు తీస్తాడు. కవి ఎవరి పక్షమో తెలుస్తూనే ఉంది. జనం పక్షం వేరు: పతి జిల్లా కజెన్‌లో ముతమకిన్ సమాధి దగ్గర ప్రతి సుర నెల 10న ఉత్సవం జరుగుతుంది.

అందుకని సీతి జెనార్ మాటలు ఉటంకించేటప్పుడు ఎవరి నోట, ఏ పద్యంలో అన్నది చెప్పాలి. సంఘటన 15–16 శతాబ్దాలదిగా చెప్తారు, మన చేతికొచ్చిన పద్యాలు శతాబ్దాల తర్వాతివి. కొన్నిటిలో ఆయన్ని చంపుతారు, మరి కొన్నిటిలో తనే ఊపిరి ఆపుకుని వెళ్ళిపోతాడు. రెండో రకం రాసిన కవికి "చావు నా ఇష్టం" అన్న వాదన నిరూపించాల్సి ఉంది.

#11 తెరవెనక
వయాంగ్ (జావా తోలుబొమ్మలాట) ఉపమానం ఎవరూ ఎత్తలేదు. సులుక్‌లలో చావు గురించి అన్నిటికన్నా ఎక్కువగా వాడినది అదే. దలంగ్ (బొమ్మలు ఆడించేవాడు) దేవుడు, బొమ్మ జీవుడు, తెర లోకం, పైన వేలాడే బ్లెంచొంగ్ దీపం ప్రాణం, బొమ్మలు గుచ్చే అరటిబోదె నేల. తెల్లవారాక బొమ్మ పెట్టెలోకి పోతుంది. బొమ్మ చచ్చిందా? ఆడించడం ఆగింది.

మన తోలుబొమ్మలాట మనసులో పెట్టుకుని చదివితే ఇది సగమే అర్థమవుతుంది. మన బొమ్మల తోలు వెలుగును పోనిస్తుంది, తెర మీద రంగులు కనిపిస్తాయి. జావా బొమ్మ గేదె తోలుది, వెలుగు దూరదు. తెరకు ఇవతల కూర్చుంటే నల్లని నీడ, చిల్లుల్లోంచి నక్షత్రాల్లా వెలుగు, అంతే. బంగారు పూత, రంగులు దలంగ్ వైపు కూర్చున్న వాళ్ళకే. నీడ చూసి ఏడ్చేవాడు, బొమ్మను చూసేవాడు, ఆడించే చేతిని చూసేవాడు అని మూడు తరగతుల సాధకులను కవులు ఇందులోంచే తీశారు.

పక్కనే ఇంకో రకం ఉపమానాలు: ఎగిరే కొంగ అడుగుజాడ, గాలి గూడు, తూటికూర కాడలో చేవ. తూటికాడ బోలుగా ఉంటుంది, చేవ ఎక్కడిది? ఇవి శిష్యుడికి గురువు ఇచ్చే చిక్కుముడులు, జవాబులు రాసుకునేవి కావు. కత్తి ఒరలో దూరడం మామూలు, ఒర కత్తిలో దూరడం అసలు స్థితి అన్నది కూడా ఈ కోవదే.

#12 అలలఅంచు
మూడోది మిగిలిపోయింది. ప్రాణం పోయే వేళ విద్య.

#13 నల్లసిరా
దానికి అందరూ చూసేది రంగ్గవర్శిత విరిద్ హిదాయత్ జతి. మొదటి సంగతి, అది వచనం, పద్యం కాదు. ఛందస్సు లేదు కాబట్టి మాట చెడితే పట్టే జల్లెడ లేదు. పద్యంలో నకలు రాసేవాడు ఒక అక్షరం వదిలితే గురు విలంగన్ తప్పి దొరికిపోతాడు.

రెండో సంగతి, మూడు "ఇళ్ళు". తలలో బైతుల్ మామూర్, ఛాతీలో బైతుల్ ముహర్రమ్, వృషణాల్లో బైతుల్ ముకద్దస్. మక్కా, జెరూసలేం ఒంట్లోకి వచ్చేశాయి. జీవం దిగేటప్పుడు తల నుంచి కిందికి, పోయేటప్పుడు తిరుగు దారి. మర్తబత్ మెట్లే ఒంటి మీద గీసుకున్నారన్నమాట. అవసాన వేళ రంగురంగుల వెలుగులు కనిపిస్తాయి, తల్లిదండ్రుల రూపాలూ వస్తాయి. ఏది కనిపించినా అది నీలోంచి వచ్చిందే, దాని వెంట వెళ్ళకు అన్నది ఆదేశం. దేవ రుచిలో భీముడు బతికుండగా దాటిన రంగులే ఇక్కడ చివరి క్షణంలో ఎదురవుతున్నాయి. అప్పుడు గుర్తుపట్టిన వాడికి ఇప్పుడు కొత్తవి కావు. అలలఅంచు గారి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: మొదటిదీ మూడోదీ ఒకే దారికి రెండు కొసలు, సీతి జెనార్‌ది మాత్రం వేరే దారి.

#14 తాటాకు
నల్లసిరా గారితో ఏకీభవిస్తాను. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళు వేదతమ గంబుహ్ భాగం ముందు చదవండి. అందులో నాలుగు సెంబహ్‌లు, అంటే ఒళ్ళు, తలపు, ప్రాణం, రసం అనే వరుసలో ఆరాధన ఉంది. మొదటిది నీళ్ళతో శుద్ధి, రెండోది మనసును అదుపులో పెట్టడం, నాలుగో దాంట్లో ఇక బయటి పనిముట్టు ఏదీ ఉండదు. ఆ తర్వాత దేవ రుచి, ఆ తర్వాతే సీతి జెనార్. ఈ వరుస తలకిందులు చేసినవాళ్ళే "జావా సూఫీలు చావును ప్రేమించారు" అని వ్యాసాలు రాస్తారు.

#15 గోదారిగాలి
బుర్హాన్‌పూర్ సంగతి నాకు కొత్త. తుహ్‌ఫా జావా పద్యరూపం దొరుకుతుందా?

#16 కొండవాగు
దొరుకుతుందండీ. ఆంథొనీ జాన్స్ జావా మూలం, ఇంగ్లీషు అనువాదం కలిపి 1965లో కాన్బెరా నుంచి ప్రచురించారు. చదివేటప్పుడు మొదటి మూడు మెట్లూ ఎక్కడ ముగిశాయో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. పద్యం ఆగదు, గీత మనమే చూసుకోవాలి.